మెట్ట ఇంటి తిండిగింజలు: పాతర నుంచి రేషన్ దుకాణం దాకా

తెలంగాణ పీఠభూమిలోనూ రాయలసీమలోనూ చిన్న కమతం మీద బతికే కుటుంబాలు ఏడాది తిండిని ఎన్నడూ ఒక్క పంట మీద పెట్టుకోలేదు. వాన ఏ కార్తెలో మొహం చాటేస్తుందో తెలియని చోట ఎక్కువ పండించాలన్న ఆశ కన్నా, ఉన్నదంతా ఒక్కసారే పోకూడదన్న జాగ్రత్తే ముందు నిలిచింది. అందుకే ఆసరాను విత్తనంలో కొంత, నిల్వలో కొంత, పశువుల్లో, చెరువులో, బంజరులో, చుట్టరికంలో కొంత చొప్పున పంచి పెట్టుకున్నారు. గత రెండు వందల ఏళ్లలో ఈ ఆసరాలు ఒక్కొక్కటీ ఒక్కో కారణంతో సడలుతూ వచ్చాయి. చివరికి వాటి చోటులోకి ప్రభుత్వ గోదాముల బియ్యం వచ్చింది. దాంతో కరువు చావులు ఆగాయి. ఏం తినాలో, ఎంత దాచాలో ఇంట్లోనే తేల్చుకునే వీలు మాత్రం చాలా మేరకు పోయింది.

నేల, వాన

అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటేసరికే చాలా తేమ కోల్పోతాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి అంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. తెలంగాణ సగటు 900 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది గానీ, దక్షిణాన పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు అంతకన్నా తక్కువే. మొత్తం ఎంత కురిసిందన్నది ఒక లెక్క, ఎప్పుడు కురిసిందన్నది ఇంకొక లెక్క. జూన్ మొదటి వారం దాటాక మృగశిరలో నేల తడిసి, విత్తనం పడి, మొలక వచ్చాక మూడు వారాలు చినుకు లేకపోతే ఏడాది సగటుతో రైతుకు పని లేదు.

నేలలూ రెండు తీరులు. ఎర్ర చెలక చిన్న వానకే దున్నడానికి వీలవుతుంది, అంత తొందరగానూ ఆరిపోతుంది. అందులో పునాస పంటలు తప్ప నిలవవు. నల్లరేగడి తడిస్తే కాలు పెట్టనివ్వదు గానీ తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. వానలు వెనకపట్టాక ఆ తేమతోనే యాసంగి జొన్న, శనగ, కుసుమ పండుతాయి. రాయలసీమలో ఈ రెండు కాలాలను ముంగారి, హింగారి అంటారు. నిజాం పాలనలో వానాధారపు పొలం ఖుష్కీ, నీటి కింది మడి తరి అని లెక్కకెక్కాయి. కొంత రేగడి, కొంత చెలక, చెరువు కింద రెండు మళ్లు ఉన్న ఇంటికి ఏదో ఒకటి దక్కేది. చిన్న రైతుకు ఉన్నదల్లా చాలాచోట్ల చెలక ముక్కే.

కలిపి విత్తడం

ఆ చెలక ముక్కలోనే పది పన్నెండు రకాలు పడేవి. గొర్రు వెంట, విత్తనం పోసే జడ్డిగంలో జొన్నో, కొర్రో, సజ్జో పోస్తూ, కొన్ని సాళ్లకు ఒక సాలు చొప్పున కంది వేసేవారు. ఆ కంది విత్తనంలోనే అనుము, అలసంద కలిసేవి. గట్ల వెంట ఆముదం, చేను అంచున గోగు, మధ్యమధ్య నువ్వులు, వెర్రినువ్వులు. బయటినుంచి చూసేవారికి గజిబిజిగా కనిపించే ఈ చేనుకు కాలం, వేరు, ఆకు ఆధారంగా తేల్చుకున్న లెక్క ఉంది.

మొదటిది కాలం లెక్క. పెసర రెండు నెలలు దాటగానే కాయకొస్తుంది. కొర్ర, సామ మూడు నెలల లోపే కోతకొస్తాయి. జొన్నకు ఇంకో నెల కావాలి. కంది, ఆముదం అయిదారు నెలలు నిలుస్తాయి. పాత గింజ అయిపోయి కొత్త గింజ చేతికి రాని ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మెట్ట ఇళ్లల్లో గడ్డు రోజులు. ముందుగా వచ్చే పెసర, కొర్ర ఆ లోటును పూడ్చేవి. మృగశిర వాన తప్పితే ఆరుద్రకు, అదీ తప్పితే పునర్వసుకు విత్తే రకాలు వేరే ఉండేవి. చివరికి ఏదీ కుదరకపోతే ఉలవలు చల్లేవారు. గింజ రాకపోయినా అవి పశువుల మేతకైనా అక్కరకొచ్చేవి.

రెండోది నేల లెక్క. జొన్న వేళ్లు పైపొరలోని తేమను లాగితే కంది వేరు లోతుకు దిగుతుంది. పప్పు జాతి మొక్కల వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి, కంది ఆకు రాలి నేలలోనే కలుస్తుంది. మూడోది పళ్లెం లెక్క. జొన్న గట్క, రాగి సంగటి, కొర్రన్నం, సజ్జ రొట్టె కడుపు నింపితే, కంది, అనుము, ఉలవ పప్పుగా, చారుగా కలిసేవి, నువ్వులు నూనెకు. కలుపు తీసేటప్పుడు ఏరిన చెంచలి, గునుగు, తుమ్మి ఆ పూట కూరగా వండేవారు. నాటిన పంటలతో పాటు నాటనివీ తిండిలో లెక్కకొచ్చేవి. చొప్ప, కందికట్టె కూడా పంటే. ఒకటి ఎడ్లకు మేత, ఇంకొకటి పొయ్యికి వంటచెరకు.

పాతర, గుమ్మి, కుండ

పండిన గింజ ఇల్లు చేరకముందే కళ్లంలో పంపకం జరిగేది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి వృత్తులవారికి ఏడాది చాకిరీకి కూలి గింజల రూపంలోనే ముట్టేది. కొన్నిచోట్ల దాన్ని మేర అన్నారు, తెలంగాణలో ఆయం అన్నారు. చేలో రాలిన కంకులను కూలివాళ్ల పిల్లలు పరిగె ఏరుకునేవారు. ఈ ఏర్పాటు కులాన్ని బట్టి నడిచేది, అందులో వెట్టి ఉంది, అవమానం ఉంది. అయినా భూమి లేని ఇంటికి పంటలో చెందే భాగమంటూ ఒకటి ఉండడానికి దారి అదే.

ఇంటికి చేరిన గింజ మూడు చోట్ల చేరేది. రోజువారీ వాడకానికి వెదురు తడికె అల్లి పేడ, మట్టి మెత్తిన గుమ్మి లేదా గాదె. విత్తనానికి కుండలు, సొరకాయ బుర్రలు. ఏళ్ల తరబడి నిల్వకు పాతర.

పాతర తవ్వడానికి నీటి ఊట లేని గట్టి నేల చూసుకోవాలి. నోరు ఒక మనిషి దిగేటంత ఇరుకుగా, కడుపు వెడల్పుగా, పెద్ద బాన ఆకారంలో తవ్వుతారు. లోపల చెత్త తగలబెట్టి గోడలను ఆరబెడతారు. అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరిచి జొన్నలు పోస్తారు. పైన మళ్లీ గడ్డి కప్పి, రాతి పలక మూసి, మట్టితో మెత్తుతారు. లోపలి గింజలు ఊపిరి పీల్చినకొద్దీ ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పురుగు బతకదు. పాతర తెరిచిన రోజే ఎవరూ లోపలికి దిగరు. పలక తీసి చాలాసేపు వదిలేసి, దీపాన్ని తాడుతో లోపలికి దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. ఆ జాగ్రత్త మరిచి దిగినవారు లోపలే కుప్పకూలిన సంగతులు మెట్ట ఊళ్లల్లో పెద్దలు చెబుతుంటారు. గోడను ఆనుకున్న జొన్నలు నల్లబడి ముక్క వాసన వేస్తాయి. వాటిని వేరుచేసి నడుమ ఉన్న మంచి గింజ ఇంటికి తెచ్చుకుంటారు.

పాతర జొన్న తినడానికి పనికొచ్చినా మొలకెత్తే శక్తి కోల్పోతుంది. అందుకే విత్తనం ఎప్పుడూ దాంతో కలిసేది కాదు. బాగా పండిన కంకులను కోతకు ముందే ఆడవాళ్లు ఏరి పక్కన పెట్టేవారు. కొన్నింటిని పొయ్యి పొగ తగిలేలా దూలానికి వేలాడదీసేవారు. పప్పు విత్తనాలకు బూడిదో ఎర్రమన్నో పట్టించి, వేపాకు వేసి కుండ మూతికి మట్టి మెత్తేవారు. కొర్ర, సామ, అరిక, వరిగ లాంటి చిరుగింజలకు పైపొట్టే కాపలా. దంచకుండా ఉంచితే ఏళ్లు నిలుస్తాయి. రాగులూ ఏళ్లు నిలుస్తాయి. ఒక మంచి కాలం పండినదాంతో తర్వాతి రెండు చెడ్డ కాలాలు దాటడానికి ఈ పంటలు ఇందుకే పనికొచ్చాయి.

చెరువు, మంద, బంజరు

చేనుకు బయట ఉన్న ఆధారాల్లో చెరువు ముఖ్యమైనది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలంలో వెలిశాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. దాన్ని వేయించినవాడు విజయనగర రాజవంశీకుడు భాస్కర భవదూరుడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను ఆ శాసనం వరుసగా చెబుతుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేళ్లలో కట్ట పూర్తయిందని కూడా నమోదు చేసింది. చెరువు తవ్వించినవారికి, బాగుచేసేవారికి దాని కింది భూమిలోనో ఆదాయంలోనో భాగం ఇచ్చే పద్ధతిని దశబంధం అన్నారు. నీళ్లు వంతులవారీగా వదిలే మనిషి తెలంగాణలో నీరడి, సీమలో నీరుగంటి.

చిన్న రైతుల్లో చాలామందికి చెరువు కింద మడి ఉండేది కాదు. అయినా చెరువు వారికి అక్కరకొచ్చేది. ఎండాకాలంలో నెర్రెలు వేసిన చెరువు కడుపు నుంచి పూడిక మట్టి బండ్లకెత్తి చెలకలో తోలుకునేవారు. చెరువు నిండితే దిగువ బావుల్లో నీరు ఊరేది. చేపలు, తుంగ, పశువులకు నీళ్లు, కట్ట మీది చింతచెట్లు ఎలాగూ ఉండేవి.

ఎరువుకు పశువే ఆధారం. ఇంటి పెంటదిబ్బ చాలకపోతే గొల్లకురుమల గొర్రెల మందను చేలో పండబెట్టించి, రాత్రికి ఇంతని గింజలిచ్చేవారు. ఆ మంద మేయడానికి ఊరుమ్మడి బంజరు కావాలి. ఆ బంజరే సీతాఫలాలు, రేగిపళ్లు, తంగేడు కట్టె, అడవి అంచు పల్లెల్లో ఇప్పపువ్వు ఇచ్చేది. ఆస్తి కాగితాల్లో ఎక్కని ఈ ఆధారం, ఎంత పేద ఇల్లయితే అంత ఎక్కువగా తిండిలోకి వచ్చేది.

శిస్తు, రైలు, కరువు

ఈ ఏర్పాటు ఉన్నా కరువులు రాకుండా పోలేదు. 1791-92లో దక్కనును డొక్కల కరువు పీడించింది. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చేసింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక దానికి ఆ పేరు. పాతర ఒకటి రెండు చెడ్డ కాలాలకు ఓర్చుకోగలదు. మూడో ఏడూ వాన లేకపోతే ఖాళీ అవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో దానికి ఇంకో ఇబ్బంది తోడైంది. పాతర నిండడమే కష్టమైంది.

1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను దత్తం చేశాడు. దత్త మండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా పనిచేసి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. ప్రతి రైతూ తన పొలానికి నేరుగా ప్రభుత్వానికి డబ్బు శిస్తు కట్టాలి. పంటలో వాటా తీసుకునే పాత పద్ధతిలో పంట తగ్గితే రాజుభాగమూ తగ్గేది. కొత్త పద్ధతిలో శిస్తు అంకె అలాగే ఉండేది, మాఫీ కావాలంటే అధికారులు దయతలచాలి. కిస్తు గడువు కోతల వెంటనే పడేది గనుక, అందరూ ఒకేసారి ధర పడిపోయిన సమయంలో గింజలు అమ్ముకోవలసి వచ్చేది. హైదరాబాదు రాజ్యంలోనూ దివాను సాలార్‌జంగ్ సంస్కరణలతో డబ్బు శిస్తు స్థిరపడింది.

1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరుకు రైలుమార్గం పూర్తయింది. గింజకు దూరపు మార్కెట్టు దగ్గరైంది. 1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు తప్పగానే ఆ రైలు బయటి గింజను లోపలికి తెచ్చింది, బయటి ధరనూ తెచ్చింది. బజారులో గింజ ఉన్నా కొనే శక్తి పోయింది. సహాయ పనుల్లో కూలిని రోజుకు సుమారు ఒక పౌను గింజకు, కొద్ది పైసలకు కుదించిన బ్రిటిషు అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయం మీద ఆ రోజుల్లోనే వైద్యాధికారులు మండిపడ్డారు. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. తీరం వెంట బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఈ ధాత కరువు కూలీలు తవ్విందే.

ఆ కరువు తర్వాత 1880లో స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ నివేదిక వచ్చింది, 1883లో కరువు నియమావళి తయారైంది. ఎప్పుడు కరువు ప్రకటించాలి, ఎక్కడ పనులు పెట్టాలి, ఎంత కూలి ఇవ్వాలి అన్నది మొదటిసారి రాతపూర్వకంగా తేలింది. కరువులో జనాన్ని బతికించే పూచీ ఊరి నుంచి సర్కారుకు మారడం ఇక్కడినుంచే మొదలైంది.

నాగు, లెవీ

కరువు లేని ఏడూ గడ్డు నెలలు దాటడానికి అప్పు కావలసివచ్చేది. తెలంగాణలో గింజల అప్పును నాగు అన్నారు. ఆషాఢంలో తూము తెచ్చుకుంటే కోతల్లో తూమున్నర కొలవాలి. ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టెడు పండిన ఇంట్లో నాగు తీర్చి, ఆయం కొలిచి, శిస్తుకు అమ్మగా మిగిలింది సంక్రాంతి దాటేసరికే అడుగంటితే, మళ్లీ అదే గుమ్మం ముందు గంప పట్టుకుని నిలబడాలి. ఊరి పాతర చాలాచోట్ల దొరది, పటేలుది, షావుకారుది. నిల్వ ఉన్నవాడికే ఊరి మీద పెత్తనం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం రైతుల నుంచి లెవీ ధాన్యం వసూలు మొదలుపెట్టింది. పెద్ద భూస్వాముల గాదెలు దాటేసి అధికారులు చిన్న రైతు గింజ మీద పడ్డారన్నది తెలంగాణ రైతాంగ పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. పాలకుర్తిలో కౌలు రైతు చిట్యాల ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు అడ్డుపడి ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాక ఆ కదలిక సాయుధ పోరాటంగా మారి 1951 దాకా సాగింది. భూమి పంపకంతో పాటు ఆ పోరాటం నాగు పత్రాలను తగలబెట్టింది, వెట్టిని ఆపించింది. చిన్న రైతు కళ్లం నుంచి గింజ ఎవరింటికి వెళ్లాలన్నది దాని నడుమ ఉన్న ప్రశ్న.

ఔరేపల్లి లెక్క

చిన్న రైతు ఇళ్లు చెడ్డ కాలాన్ని ఎలా దాటుతాయో ఇంటింటి లెక్కలతో చూపిన ఊరు అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లి. 1972లో హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వెలిసింది. 1975 నుంచి ఆ సంస్థ మెట్ట గ్రామాల్లో సర్వే మొదలుపెట్టింది. పాలమూరులో ఔరేపల్లి, డోకూరు, మహారాష్ట్రలో మరి నాలుగు ఊళ్లు. ఒక్కో ఊళ్లో నలభై ఇళ్లు ఎంచుకున్నారు. ముప్పై సాగు చేసేవి, పది కూలి ఇళ్లు. సర్వే చేసేవారు ఊళ్లోనే మకాం ఉండి, కొన్ని వారాలకోసారి ప్రతి ఇంటా విత్తింది, కోసింది, కొన్నది, తిన్నది, అప్పు చేసింది రాసుకున్నారు.

ఔరేపల్లి ఎర్ర నేలల ఊరు. చెలకల్లో ఆముదం, జొన్న, సజ్జ, కంది, బావుల కింద, చెరువు కింద వరి, గౌడుల కల్లుగీత. ఒక్కో ఇంటి ఆదాయం ఏడాదికేడాది పైకీ కిందికీ ఊగేదని లెక్కలు చూపాయి. ఈ లెక్కల మీద ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ప్రచురించిన పరిశోధన, ఆదాయం ఊగినంతగా ఇంటి తిండి ఊగలేదని తేల్చింది. ఒక ఇంటి వాడకం ఊరి సగటుతో పాటే పెరిగింది, తగ్గింది. అప్పు, దానం, చేబదులు, గింజల నిల్వ కలిసి ఒక్క ఇంటి దెబ్బను ఊరంతా కొంత పంచుకునేలా చేశాయి. పరిశీలించిన మూడు గ్రామాల్లో ఒకచోట భూమి లేనివారికి ఈ రక్షణ తక్కువని కూడా అందులో ఉంది. ఊరంతా ఒకేసారి దెబ్బతింటే ఈ ఏర్పాటు పనిచేయదు. దానికి జవాబు ఊరి బయట వెతుక్కోవాలి. రోజెన్‌జ్వీగ్, స్టార్క్ అనే ఆర్థికవేత్తలు 1989లో ఇవే గ్రామాల లెక్కలతో ఒక సంగతి చూపారు. ఆడపిల్లలను దూరపు ఊళ్లకు ఇచ్చిన ఇళ్లు చెడ్డ కాలాన్ని మెరుగ్గా తట్టుకున్నాయి. ఒకే మబ్బు కింద లేని వియ్యపు ఇల్లు కష్టానికి ఆదుకుంటుంది. అప్పటికే పాలమూరు కూలీలు గుంపులుగా దూర రాష్ట్రాల ఆనకట్టల పనులకు వలసపోతుండేవారు. అది కూడా ఊరి బయటి ఆసరాయే.

అదే కాలంలో ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్ట గ్రామాల్లో ఉమ్మడి వనరుల లెక్క తీశారు. 1950ల మొదలు నుంచి 1980ల మొదటికి ఊరుమ్మడి భూమి వివిధ రాష్ట్రాల్లో 31 నుంచి 55 శాతం దాకా తగ్గిపోయిందని ఆయన 1986లో చూపారు. కొంత పట్టాలై పంచిపెట్టగా పోయింది, కొంత ఆక్రమణకు గురైంది. బంజరు తగ్గితే మేత తగ్గుతుంది. మేత తగ్గితే మంద, మంద తగ్గితే ఎరువు. రసాయన ఎరువు సంచి కొనక తప్పని పరిస్థితి కొంత ఇలా కూడా వచ్చింది.

పల్లీ, పత్తి, బోరు

1960ల తర్వాత తిండి పంట చేను నగదు పంట చేనుగా మారింది. అనంతపురం ఎర్ర నేలల్లో కొర్ర, జొన్న, అరికలను వేరుశనగ తోసేసింది. దానికి ధర ఉంది, అప్పిచ్చే వ్యాపారి ఉన్నాడు, పొట్టు పశువులకు పనికొస్తుంది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టాక విస్తీర్ణం ఇంకా పెరిగి జిల్లా సాగు భూమిలో అత్యధిక భాగం ఆ ఒక్క పంటే అయింది. ఊడలు దిగి కాయ ఊరే వేళ వాన తప్పితే జిల్లా మొత్తం ఒకేసారి నష్టపోతుంది. కలిపి విత్తడంతో పంచి పెట్టుకున్న నష్టభయం మళ్లీ ఒక్కచోట పోగుపడింది.

తెలంగాణలో ఆ పాత్ర పత్తిది. 1997-98లో పురుగులు మందులకు లొంగక వరంగల్ పత్తి చేలను తినేశాయి. అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్త అయ్యాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పత్తి మరింత విస్తరించింది. పాత పంట పోతే ఆ ఏటి శ్రమ, ఇంటి విత్తనం పోయేవి. పత్తి పోతే కొన్న విత్తనం, ఎరువు, మందు, వాటి మీద వడ్డీ అన్నీ మీద పడతాయి.

నీటి వనరు కూడా చేతులు మారింది. ఊరందరి చెరువు నిర్లక్ష్యానికి గురైన కొద్దీ ఎవరి బోరు వారిదయింది. కరెంటు మోటారు వచ్చాక మెట్ట చెలకలో వరి మడి సాధ్యమైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలైంది. బోరు పడితే ఇల్లు నిలబడేది, పడకపోతే తవ్వకపు అప్పు మిగిలేది. లోతు పెంచే స్తోమత లేని చిన్న రైతు బోరే ముందు ఎండిపోయేది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చినా బోర్ల పోటీ ఆగలేదు.

రెండు రూపాయల బియ్యం

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అధిక దిగుబడి వరి వంగడాలు డెల్టాల్లో, ప్రాజెక్టుల కింద పరుచుకున్నాయి. అలా పోగైన బియ్యానికి పేద ఇళ్లలో చోటు చూపింది 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల పథకం. తర్వాత ధర మూడున్నరకు పెరిగింది, మళ్లీ రెండుకు దిగింది, 2011లో రూపాయి అయింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యాన్ని హక్కుగా చేసింది.

మెట్ట ఇంటికి ఈ బియ్యం చేసిన మేలు చిన్నది కాదు. ఆషాఢ, భాద్రపదాల ఆకలి పోయింది. నాగు కోసం గంప పట్టుకుని దొర గుమ్మం ఎక్కాల్సిన పని తప్పింది. పండగకే దొరికే వరి అన్నం రోజూ దొరికింది. ఇంకో లాభం లెక్కల్లో కనిపించనిది. కొర్రలు, సామలు తినాలంటే తెల్లవారకముందే లేచి రోట్లో దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. జొన్నలు తిరగట్లో విసరాలి. ఆ చాకిరీ అంతా ఆడవాళ్లదే. రేషన్ బియ్యం కడిగి ఎసట్లో పోస్తే చాలు. చిరుధాన్యాలు వంటింట్లోంచి మాయం కావడానికి రుచి, మర్యాద ఎంత కారణమో రోకలి బరువూ అంత కారణం.

నష్టం నెమ్మదిగా తెలిసింది. జొన్నకు కొనేవాడు తగ్గితే విత్తేవాడు తగ్గాడు. జొన్న లేని ఇంట్లో చొప్ప లేదు, చొప్ప లేక ఎడ్లు పోయాయి, ఎడ్లు పోయాక పెంట పోయింది. గుమ్మి అటకెక్కింది, పాతర పూడిపోయింది, విత్తనం కుండ ఖాళీ అయింది. కడుపు నిండినా రాగిలోని సున్నం, సజ్జలోని ఇనుము, కందిలోని మాంసకృత్తులు పళ్లెంలో తగ్గాయి. మెట్ట పండించే గింజను రేషన్ దుకాణం కొనలేదు. డెల్టా పండించిన గింజను మెట్ట తిన్నది.

జహీరాబాద్ ప్రయత్నం

పొలానికీ పళ్లేనికీ తెగిన ఈ లంకెను తిరిగి కలపడానికి జరిగిన ప్రయత్నాల్లో పేరున్నది జహీరాబాద్ ప్రాంతానిది. అప్పటి మెదక్ జిల్లాలో, పస్తాపూర్ కేంద్రంగా 1983లో పి.వి. సతీష్, ఆయన మిత్రులు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. చిన్న కమతాల దళిత మహిళలు ఊరూరా సంఘాలు కట్టారు. చాలామందికి ప్రభుత్వం పంచిన రాళ్ల భూమి ఉంది గానీ దుక్కికి, ఎరువుకు పెట్టుబడి లేక పడావుగా ఉండేది.

1990ల మధ్య ఈ సంఘాలు తమదైన చౌకధరల వ్యవస్థ నడిపాయి. పడావు భూమి దున్నడానికి, పెంట తోలడానికి రైతుకు అప్పు ఇస్తారు. ఆ అప్పును డబ్బుతో కాకుండా కొన్నేళ్ల పాటు జొన్నలతో తీర్చాలి. వచ్చిన జొన్నలు ఊళ్లోనే నిల్వ చేస్తారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివాళ్లే కూర్చుని తేల్చి, వానాకాలపు గడ్డు నెలల్లో ఆ ఇళ్లకు తక్కువ ధరకు పంచుతారు. పని, గింజ, మేత, ఎరువు నాలుగూ ఊరి లోపలే తిరిగాయి. ఢిల్లీ నుంచి బియ్యం రాకుండానే రేషన్ నడపవచ్చని, అందుకు కావలసింది నీళ్లు కాదని, దుక్కికీ పెంటకూ తగిన చిన్న పెట్టుబడని ఇది చూపింది.

విత్తనాన్ని కూడా సంఘాలు మళ్లీ ఇంటికి తెచ్చాయి. పేడమట్టి అలికిన బుట్టల్లో, బూడిదా వేపాకూ వేసి, డజన్ల రకాలు దాచిన మహిళలు పొరుగు ఊరి రైతుకు విత్తనం ఇచ్చి, కోతల్లో రెట్టింపు తీసుకునేవారు. ప్రతి ఏటా సంక్రాంతి నుంచి ఊరూరా ఎడ్లబండ్ల మీద పాతపంటల జాతర తిరిగేది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ పురస్కారం దక్కింది. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఈ పద్ధతి కొన్ని పదుల ఊళ్లకే పరిమితమైంది. ఊరి మనుషులు కలిసి కూర్చుని నడపాల్సిన వ్యవస్థ కావడంతో దాన్ని ఒక్క ఉత్తర్వుతో రాష్ట్రమంతా పరచడం సాధ్యం కాలేదు.

కొత్త ఆసరాలు

ఇరవై ఒకటో శతాబ్దంలో మెట్ట ఇంటి ఆసరాలు చాలామటుకు ప్రభుత్వం గుండానే వస్తున్నాయి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. 1883 నియమావళిలో కరువు ప్రకటిస్తేనే దొరికే పని దాంతో అడిగినవారి హక్కుగా మారింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయించే పని తలపెట్టింది. పాత వాడుక ప్రకారమే ఆ మట్టిని రైతులు తమ చేలకు తోలుకున్నారు. 2018లో రైతుబంధు ఎకరం లెక్కన పెట్టుబడి సాయం తెచ్చింది. భూమి లెక్కన ఇచ్చేది గనుక ఎక్కువ భూమి ఉన్నవారికి ఎక్కువ అందింది, కాగితం లేని కౌలు రైతు ఇంటికి చేరలేదు. కౌలు సాగు విస్తరించిన ఈ రోజుల్లో, కష్టం ఒకరిదై సాయం ఇంకొకరిదవడం పెద్ద లోపంగా మిగిలింది.

మొత్తంగా చూస్తే, మెట్ట కుటుంబపు తిండి భద్రత రెండు రకాల ఏర్పాట్ల మీద నడిచింది. పాతది చిన్న చిన్న ఆసరాలను పక్కపక్కన పేర్చుకున్నది. దాని లోపం రెండు మూడు వరుస కరువులకు అది తట్టుకోలేకపోవడం, గింజ నిల్వ ఊరి పెద్దల చేతిలో ఉండడం. కొత్తది ఒకే పెద్ద నిల్వ మీద నిలిచింది. దాని బలం దేశంలో ఒక మూల పంట పోయినా ఇంకో మూల గింజను తేగలగడం. దాని లోపం పొలానికీ పళ్లేనికీ ఉన్న లంకె తెంపడం, చిన్న రైతును తిండి కొనుక్కునేవాడిగా మార్చి, అమ్ముకునే ఒక్క పంట మీద నిలబెట్టడం. కరువు సంవత్సరంలో రేషన్ కార్డు అవసరం ఎంతో, మామూలు సంవత్సరంలో కంది సాలు, విత్తనం కుండ, పెంటదిబ్బ అవసరం అంత. ఈ రెండింటిలో ఒకటి ఉంటే ఇంకొకటి అక్కర్లేదని అనుకున్నప్పుడల్లా మెట్ట ఇల్లు ఆకలితోనో అప్పుతోనో దానికి మూల్యం చెల్లించింది.